జాతర బయలు



దీపావళి వెళ్ళిన మరునాటి నుంచి మా పాలమూరు బస్టాండుల్లో, చాయ్ హోటళ్ళలో, చేను గట్ల మీద ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "కురుమూర్తికి ఎప్పుడు పోతున్నరు?" పోతున్నారా, లేదా అని అడిగేవాళ్ళు తక్కువ. పోవడం ఖాయమే, రోజే తేలాలి. నారాయణపేట, మక్తల్, ఆత్మకూరు, గద్వాల, వనపర్తి, కృష్ణ దాటితే రాయచూరు వైపు ఊళ్ళు, అన్నిచోట్లా ఇదే మాట. చిన్నచింతకుంట మండలం అమ్మాపురం పక్కన గుట్టల నడుమ వెలసిన కురుమూర్తి స్వామి దగ్గరికి కార్తీకంలో లక్షల మంది వస్తారు.

గుట్ట మీది స్వామి గురించి, కుబేరుడి అప్పుల బాధ పడలేక ఆయన తిరుపతి విడిచి కృష్ణ ఒడ్డుకు వచ్చాడన్న కథ గురించి, ముక్కెర వంశపు రాజులు చేయించిన నగల గురించి మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఈ పూట నేను గుట్ట ఎక్కను. గుట్ట కింద పరుచుకున్న బయలు గురించే మాట్లాడతాను. జాతర జరిగే ఆ నేల ఎందుకుంది, దానితో మనకు పనేమిటి, దాన్ని మనమేం చేస్తున్నాం, ఈ మూడూ నా మనసులో చాలాకాలంగా ఉన్న సంగతులు.

జాతర రోజులు తప్ప మిగతా ఏడాదంతా అటువంటి బయళ్ళలో చూడడానికి ఏమీ ఉండదు. తుమ్మచెట్లు, మసిబారిన పొయ్యిరాళ్ళు, మేసుకునే నాలుగు మేకలు. దారిన పోయే కొత్తమనిషి చూస్తే "ఇంత జాగా వట్టిగా పోతున్నదే" అనుకుంటాడు. మన ఊరివాళ్ళే కొందరు ఇప్పుడు అలా అనుకోవడం మొదలుపెట్టారు. నాకు తగవంతా ఆ ఆలోచనతోనే. పండిన పంట ఎక్కడ ఆరబోస్తామో ఆ కళ్ళాన్ని పది నెలలు ఖాళీగా ఉందని ఎవరూ దున్నెయ్యరు గదా. జాతర బయలు కూడా అంతే. అది పనిచేసే రోజులు తక్కువ. ఆ తక్కువ రోజుల్లో అది చేసే పనిని ఇంకే జాగా చెయ్యలేదు.

కురుమూర్తి ఉత్సవాల్లో అన్నిటికన్నా పెద్దరోజు ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదుకలు. వడ్డెమాన్ గ్రామంలో చర్మకారుల కుటుంబాలవాళ్ళు ఉపవాసాలుండి, నియమం తప్పకుండా తోలుతో వాటిని కుడతారు. అక్కడి నుంచి ఊరేగింపుగా ఊకచెట్టు వాగు దాటించి గుట్ట దగ్గరికి తెస్తారు. స్వామివారి తలియకుండ అనే మట్టికుండ కుమ్మరుల చేతిపని. ఉద్దాల మంటపం దగ్గర దళితులే పూజారులు. వచ్చినవాళ్ళంతా, ఏ కులంవాళ్ళయినా, ఆ ఉద్దాలను తలకు తాకించుకుంటారు. గుడి గడపల దగ్గర మన సమాజం తరతరాలుగా ఎన్ని అడ్డుగోడలు కట్టిందో చెప్పనక్కర్లేదు. బయలుకు గడప లేదు. తోలు కుట్టిన చేతుల పనిని చూడడానికి ఇన్ని వేల మంది దుమ్ములో నిలబడి, పిల్లల్ని భుజాలకెత్తుకుని ఎదురుచూస్తారు. ఆ రోజు ఒకటి మనకుందంటే, ఆ జనం నిలబడడానికి నేల ఉండబట్టే. ఊరేగింపు వస్తుంటే రెండు పక్కలకూ చీలి దారివ్వడానికి జనానికి చోటుండాలి. ఇరుకు సందుల్లో ఈ ఉత్సవం ఏనాడో చిక్కిపోయేది.

తర్వాత పొయ్యిలు. మూడు రాళ్ళు పెట్టి, కొత్త కుండలో అన్నం వండి, పచ్చిపులుసు కలిపి దాసంగం పెడతారు. ఒక కుటుంబం పొయ్యికి ఇంకో కుటుంబం పొయ్యికి మధ్య నాలుగడుగులు కూడా ఉండదు. ఉప్పు మరిచినవాళ్ళు పక్కవాళ్ళనడుగుతారు. నిప్పు ఒక పొయ్యిలోంచి ఇంకో పొయ్యిలోకి పోతుంది. బయలు అంచున చీకులు కాల్చే బండ్ల పొగ ఇంకోవైపు. మా ఇంట్లో పెద్దవాళ్ళు జాతరకు బయల్దేరేముందు బియ్యం ఎప్పుడూ లెక్కకు మించి కట్టేవాళ్ళు. ఎందుకని అడిగితే, "అక్కడ ఎవరు కలుస్తరో ఏమెరుక బిడ్డా" అనేవాళ్ళు. వండుకునే చోటు ఉన్నంతకాలం జాతరకు బీదవాడు కూడా ఇంటిల్లిపాదిని తీసుకుని వస్తాడు. చోటు పోయి హోటళ్ళే మిగిలితే, వచ్చేవాళ్ళు డబ్బున్నవాళ్ళే అవుతారు. ఈ ఒక్క సంగతి చాలు, బయలు ఎవరికి ఆస్తో తెలుసుకోవడానికి.

ఇక బేరాలు. పశువుల బేరం చూడనివాళ్ళకు చెప్పాలి. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టుకుని, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి వినపడదు, కనపడదు. దళారి ఒకరి చెయ్యి వదిలి ఇంకొకరి చెయ్యి పట్టుకుంటాడు. కొనేవాడు ఎద్దు పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, తోలుకుపోయి నడక చూస్తాడు. నడక చూడాలంటే జాగా కావాలి. కాడికి కట్టి చూడాలంటే ఇంకా ఎక్కువ జాగా కావాలి. నల్లమలలో అమ్రాబాద్ వైపు పెరిగే పొడ తూర్పు జాతి ఎద్దులకు 2020లో దేశవాళీ జాతిగా గుర్తింపు వచ్చింది. ఒంటిమీద మచ్చలు, సన్నటి కాళ్ళు, రాళ్ళ నేలల్లో అలుపెరగని నడక వాటి గుణం. ఆ గుర్తింపు కాగితం రావడానికి ఎంతో ముందే దాని విలువ మన రైతుకు తెలుసు. సంతలో, జాతరలో పక్కపక్కన నిలిపి చూసుకునే వీలుండబట్టే తెలిసింది. మంచి జాతి అనేది బయట నలుగురు రైతుల కళ్ళముందు నిలబడి నిలుపుకునే పేరు.

దేవరకద్ర అంగడిని తీసుకోండి. గొర్లు, పశువులు, గొంగళ్ళకు పేరుపడ్డ అంగడి అది. గొంగడి సంగతి కొంచెం ఆగి చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే అది మన మెట్టప్రాంతం నేలలోంచి వచ్చిన వస్తువు. వాన తక్కువ, బీడు ఎక్కువ, అందువల్ల మేకలూ గొర్లూ ఎక్కువ. దక్కనీ నల్ల గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి వానకు తట్టుకుంటుంది, చలికి కాస్తుంది, చేలో కావలి పండుకుంటే కింద పరుపవుతుంది. కాపరి మంద వెంట తిరిగే మనిషి. అతనికి బజారులో దుకాణముండదు. నేసినవాడు ఒక్కొక్క గొంగడిని ఊరూరా మోసుకుని తిరిగితే గిట్టదు. కొనేవాడు ఎక్కడో ఉంటాడు. ఈ ముగ్గురూ ఒక తెలిసిన రోజున తెలిసిన చోట కలవాలి. సంతకు, జాతరకు మూలం ఈ అవసరమే. రోజుల తరబడి దుకాణం తెరిచి ఉంచే శక్తి లేనివాళ్ళందరికీ బయలే దుకాణం. పగ్గాలు, ముకుతాళ్ళు పేనేవాళ్ళు, కొడవళ్ళు, గొడ్డళ్ళు చేసే కమ్మరులు, చాటలు, గంపలు అల్లేవాళ్ళు, గాజుల మలారాలవాళ్ళు అందరూ ఈ లెక్కలోకే వస్తారు.

మరి ఒకే బయలు మీద అంతమంది బతకగలరా? బతకలేరు. అందుకే మన పెద్దలు జాతరల్ని ఏడాదిలో వరస కట్టారు. కార్తీకంలో కురుమూర్తి. మార్గశిరంలో మక్తల్ పడమటి ఆంజనేయస్వామి. మాఘంలో మహబూబ్‌నగర్ దగ్గర మన్యంకొండ, నల్లగొండ దగ్గర చెరువుగట్టు. రెండేళ్ళకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర, యాదవులు భేరీలు మోగించుకుంటూ వచ్చే పెద్ద జాతర. చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలో సలేశ్వరం, అక్కడ చెంచులే పూజారులు. దీపావళి తర్వాత మొదలై ఎండలు ముదిరేదాకా ఒకదాని వెనుక ఒకటి. వానాకాలం పనుల్లో రైతుకు తీరిక ఉండదు, చేతిలో డబ్బుండదు, పైగా నల్లరేగడిలో బండి కదలదు. పంట చేతికొచ్చాక నేల గట్టిపడుతుంది, జేబు నిండుతుంది, జాతర మొదలవుతుంది. రంగులరాట్నం విప్పి లారీకెక్కించేవాడు, మిఠాయి బండివాడు, బొమ్మలవాడు ఈ వరసనే నమ్ముకుని ఒక బయలులోంచి ఇంకో బయలులోకి పోతూ ఏడాది గడుపుతారు. ఆ వరసలో ఒక బయలు మూతపడితే ఎందరి ఏడాదిలో ఎన్ని రోజుల కూడు పోతుందో ఆలోచించండి.

అప్పుల వాయిదాలు కూడా జాతరనే పట్టుకుని ఉండేవి. "జాతరకు కట్టేస్త" అంటే ఇద్దరికీ తేదీ తెలుసు, చోటు తెలుసు, చుట్టూ చూసేవాళ్ళున్నారు. ఇది మన దగ్గరే ఉన్న తీరు కాదు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతంలో ఏడాది పొడుగునా వరసగా పెద్ద తిరునాళ్ళు జరిగేవి. ఇటలీ వర్తకులు, ఫ్లాండర్స్ నేతబట్టల వ్యాపారులు అక్కడ కలుసుకునేవాళ్ళు. ఫలానా తిరునాళ్ళలో చెల్లిస్తానని పత్రాలు రాసుకునేవాళ్ళు. ఆ ప్రాంతపు ప్రభువులు తిరునాళ్ళకు వచ్చిపోయే వర్తకులకు దారిలో రక్షణ ఇచ్చారు, తగవులు తీర్చడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టారు. ఐరోపా వాణిజ్య చరిత్ర రాసినవాళ్ళు ఆ తిరునాళ్ళను వదిలిపెట్టి రాయలేరు. మన జాతరల వ్యాపార చరిత్రను మాత్రం మనం భక్తి పేజీలోనే ఉంచేశాం.

పాలమూరుకు ఇంకొక అవసరం ఉంది, అది వలస. మద్దూరు, కోస్గి, దామరగిద్ద వైపు పల్లెల నుంచి బొంబాయికి, పుణెకు, ఆనకట్టలు కట్టేచోటికల్లా పోయిన కుటుంబాలు ఎన్నో. ఊళ్ళో ముసలివాళ్ళు, చిన్నపిల్లలు మిగులుతారు. ఆ పోయినవాళ్ళు ఊరికి వచ్చేది పీర్ల పండుగకో, జాతరకో. ఒకే ఊరిలో పుట్టి నాలుగు నగరాల్లో మట్టి మోసేవాళ్ళు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ బయలులోనే. పెళ్ళికెదిగిన పిల్లను, పిల్లవాణ్ణి చూసుకోవడం, మేస్త్రీతో మాట్లాడుకోవడం, ఎక్కడ కూలి బాగుందో కనుక్కోవడం, ఏ మేస్త్రీ డబ్బులు ఎగ్గొట్టాడో చెప్పుకోవడం అక్కడే. ఇప్పుడు ఫోన్లున్నాయి గదా అంటారు. ఫోనులో పలకరింపు అవుతుంది. కూలి ఎగ్గొట్టినవాడి మాట నలుగురూ కూచుని తేల్చుకోవాలంటే ఎదురెదురుగా ఉండాలి.

ఆటలు కూడా బయలు బిడ్డలే. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగూ ఒకే వీధిలో వినపడతాయి. బయలాట ఆడే రాత్రి ఆ నాలుగు భాషలవాళ్ళూ ఒకే నేలమీద గొంగడి పరుచుకుని తెల్లవార్లూ కూచుంటారు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, ముందు వరస వెనుక వరస లేదు. భజన మేళాలు, కోలాటాలు, ఎద్దులతో బండలాగుడు పందేలు అన్నిటికీ ఆ నేలే. పెద్ద బండను ఎద్దులు లాగాలంటే ఎంత పొడుగు దారి కావాలి, ఆ దారికి రెండుపక్కలా ఎంత జనం నిలబడాలి, మీరే ఊహించుకోండి.

పీర్ల పండుగ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన పల్లెల్లో పీర్ల చావిడి ముందు అలావ అనే నిప్పులగుండం తవ్వే చోటు ఉంటుంది. ముస్లిం ఇళ్ళు రెండో మూడో ఉన్న ఊళ్ళో కూడా ఊరంతా ఆ నిప్పుల చుట్టూ తిరిగి ఆడుతుంది. పీరును ఎత్తుకునేవాడు హిందువు కావచ్చు, మొక్కుకునేవాడు ఎవరైనా కావచ్చు. అటు సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు కూడా అంతే, మతం చూడకుండా జనం పోతారు. ఈ కలయిక మనసుల్లో ఉండబట్టే అని మనం గొప్పగా చెప్పుకుంటాం, నిజమే. కానీ చావిడి ముందు జాగా లేకపోతే ఆ మనసులు ఏడాదికొకసారైనా ఎక్కడ కలిసేవి?

ఇలా ఒక చోట చేరడం నిన్నమొన్నటి అలవాటు కాదు. మన నారాయణపేట జిల్లాలోనే, కృష్ణా మండలం ముడుమాల్ దగ్గర పొలాల్లో నిలువురాళ్ళున్నాయి. మనిషికి రెండింతల ఎత్తుండే రాళ్ళు. మూడున్నర వేల ఏళ్ళకు పైబడినవని పరిశోధకుల అంచనా. సూర్యుడి గమనాన్ని, రుతువుల్ని కనిపెట్టడానికి వాటిని అలా నిలిపారని వాళ్ళు చెబుతున్నారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాల్ చేరింది. ఆ రాళ్ళలో ఒకదాన్ని అక్కడి జనం ఇప్పటికీ ఎల్లమ్మగా కొలుస్తారు. రుతువు మారే రోజును కనిపెట్టి, ఒక చోటును గుర్తుపెట్టుకుని, అక్కడికి జనం చేరడం ఈ కృష్ణ ఒడ్డు నేలకు ఎంత పాత అలవాటో ఆ రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పట్టణంలో జాతర బయలు ఎలా ఉంటుందో తెలియాలంటే హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌ను చూడాలి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘంవాళ్ళు పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని మొదలుపెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో ఏ వస్తువులు తయారవుతున్నాయో జనానికి చూపించాలి, రాజ్యం ఆర్థిక స్థితిమీద సర్వే చెయ్యడానికి డబ్బు కూడబెట్టాలి, ఇదీ వాళ్ళ సంకల్పం. ఏడో నిజాం ప్రారంభించాడు. జనం పెరిగి పబ్లిక్ గార్డెన్స్ చాలక 1946లో నాంపల్లి మైదానానికి మార్చారు. ఇప్పటికీ జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. ఆ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతున్నది. ఆడపిల్లల చదువుకు కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అలా వచ్చిందే. నగరం నడిబొడ్డున ఉన్న నేల అది. దాని ధర లెక్కగట్టితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. అయినా ఎనభై ఏళ్ళుగా అది మైదానంగా నిలబడింది. కారణం, దాన్ని కనిపెట్టుకుని ఉండే సంస్థ ఒకటి ఉంది, వచ్చిన డబ్బు ఎక్కడికి పోతున్నదో జనానికి తెలుసు.

నారాయణపేటకు అటువంటి మైదానం అవసరం లేదా? మన చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. గళ్ళ చీర, గట్టి అంచు, ఉతికినకొద్దీ మెత్తబడే నూలు, ఆ పేరు చెబితే మహారాష్ట్రలో, కర్ణాటకలో కూడా గుర్తుపడతారు. నేసినవాడు తన మగ్గం పక్కన నిలబడి నేరుగా కొనేవాడితో మాట్లాడే చోటు మాత్రం అతనికి ఏడాదిలో ఎన్ని రోజులు దొరుకుతున్నది? 2019 ఫిబ్రవరిలో మనకు సొంత జిల్లా వచ్చింది. 2023 అక్టోబరులో జక్లేర్ నుంచి మక్తల్, మాగనూరు మీదుగా కృష్ణా దాకా కొత్త రైలుదారి మొదలై అటు కాచిగూడను, ఇటు రాయచూరును కలిపింది. మనుషులు వచ్చే దారి పడింది. జిల్లా కేంద్రం పెరిగేటప్పుడు కచేరీలకు, ఆసుపత్రికి, కాలేజీకి నేల గీసినట్టే చీరలవాళ్ళూ, గొంగడివాళ్ళూ, కంది రైతులూ ఏడాదికొకసారి చేరే బయలు ఒకటి కాగితం మీద ముందే గీసుకోవాలి. ఊరు నిండిపోయాక వెతికితే దొరకదు.

ఉన్న బయళ్ళ సంగతి చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. వాటిని మింగేది ఎప్పుడూ దొంగలే అనుకోకూడదు. మంచి పనులే ఎక్కువ మింగుతున్నాయి. ఊరికి ఒక భవనం మంజూరైతే, "జాగా ఎక్కడుంది?" అన్న ప్రశ్న వస్తుంది. అందరి వేలూ అంగడి బయలు వైపో, జాతర బయలు వైపో చూపిస్తుంది. రైతు వేదిక, ప్రకృతి వనం, నీళ్ళ ట్యాంకు, సెల్ టవర్, వాణిజ్య సముదాయం, ఒక్కొక్కటీ కావలసిందే. ఒక్కొక్కటీ ఒక మూల కొరుక్కుంటుంది. చివరికి మిగిలే ముక్కలో తేరు తిరగదు. గుడివాళ్ళు కూడా భక్తుల సౌకర్యం కోసమని షెడ్లు, సత్రాలు, దుకాణాల వరసలు శాశ్వతంగా కట్టేస్తారు. జాతర పెరుగుతుంటుంది, జాతర నేల తరుగుతుంటుంది. ఈ రెండూ ఒకే చోట, ఒకే కాలంలో జరుగుతున్నాయి.

చట్టం మనవైపే ఉంది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గ్రామాల ఉమ్మడి భూముల గురించి చాలా గట్టిగా మాట్లాడింది. అనాదిగా ఊరి జనమంతా వాడుకుంటున్న భూముల్ని వరసగా చెప్పింది. పశువులు మేసే నేల, నీళ్ళు తాగే గుంటలు, కళ్ళాలు, పిల్లలు ఆడుకునే మైదానాలు, వాటితోపాటు తిరునాళ్ళు జరిగే చోట్లు, సర్కసులు దిగే చోట్లు, రామలీల ఆడే చోట్లు. తిరునాళ్ళనూ సర్కసునూ దేశంలో పెద్ద న్యాయస్థానం శ్మశానాలతో, నీటివనరులతో సమానంగా ఊరి అవసరాల్లో చేర్చడం చిన్న విషయం కాదు. అటువంటి భూముల్ని ఆక్రమించినవాళ్ళను ఖాళీ చేయించాలని, అందుకు పథకాలు తయారుచెయ్యాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మన దగ్గర అమ్మకూడని, రిజిస్టరు చెయ్యకూడని భూముల జాబితా కూడా ఉంది, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద. మన ఊరి బయలు సర్వే నంబరు ఆ జాబితాలో ఉందో లేదో ఎంతమంది చూశాం?

డబ్బుల లెక్క కూడా ఉంది. అంగడి మీద తైబజారు వేలం పాడి పంచాయతీలు ఆదాయం తెచ్చుకుంటాయి. జాతర దుకాణాల వేలం మీద దేవాదాయశాఖకు వస్తుంది. ఆ డబ్బులో కొంతయినా ఆ నేలకే తిరిగి పెట్టాలి. ఎక్కువ ఏమీ అక్కర్లేదు. తాగే నీళ్ళు, పశువులకు తొట్లు, ఆడవాళ్ళకు తలుపున్న మరుగుదొడ్లు, నాలుగు వరసల వేపచెట్లూ చింతచెట్లూ. కాంక్రీటు పోసి చదును చెయ్యడాన్ని నేను అభివృద్ధి అనను. కాంక్రీటు మీద పొయ్యి పెట్టలేం, గుంజ పాతలేం, ఎండపూట కాలు పెట్టలేం. జాతర అయిపోయాక ప్లాస్టిక్ ఏరించే ఖర్చు వేలం పాటలోనే కలిపి రాయాలి. ఆ సంచులు తిని పశువులు చస్తున్నాయి.

బయలును బోసిగా ఉంచడం నష్టమనుకునేవాళ్ళు ఇది వినాలి. జర్మనీలో మ్యూనిక్ నగరం మధ్య థెరేసియన్‌వీజ అనే మైదానముంది. 1810లో ఒక రాచపెళ్ళి సందర్భంగా అక్కడ మొదలైన ఉత్సవం నేటికీ ప్రతి ఏడాది జరుగుతున్నది. దాని విస్తీర్ణం 42 హెక్టార్లు, అంటే వంద ఎకరాలకు పైనే. ఉత్సవం అయిపోగానే గుడారాలన్నీ విప్పేస్తారు. మిగతా ఏడాదిలో చాలా రోజులు అది బోసిగా ఉంటుంది. అంత సంపన్న నగరంలో అంత ఖరీదైన నేలను రెండు శతాబ్దాలకు పైగా బోసిగా ఉంచగలిగారంటే, వాళ్ళకు నేల విలువ తెలియకనా?

బయలు ఇరుకైతే పోయేది సరదా ఒక్కటే అయితే నేను ఇంతసేపు చెప్పేవాణ్ణి కాదు. ప్రాణాలు పోతాయి. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో ఒక్క ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. జనమంతా ఒకే చోట చేరారు, లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి చాలలేదు. 2019 జనవరి చివర్లో నుమాయిష్‌లో మంటలు లేచి దుకాణాలు వరసలు వరసలుగా కాలిపోయాయి. దుకాణానికి దుకాణానికి మధ్య ఎడం ఉండాలని, ఫైరింజన్ తిరిగేంత దారి ఉండాలని అప్పుడు అందరూ అన్నారు. ఆ ఎడం ఎక్కడి నుంచి వస్తుంది? వదిలిపెట్టిన నేలలోంచే రావాలి. అంబులెన్సు పోయే దారిలో వేలం పాడుకున్న దుకాణాన్ని నిలబెట్టకూడదు. రంగులరాట్నం దించేచోట కరెంటు తీగలు కింద పాకకూడదు. తప్పిపోయిన పిల్లల్ని కూచోబెట్టే డేరా ఎక్కడుందో గుట్ట మీద నుంచి చూసినా కనపడాలి. ఇవన్నీ నెల ముందే నేల కొలిచి, ముగ్గుపోసి గీసుకోగలిగిన పనులు.

మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ జరగాలి. ఈసారి సభకు పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మన అంగడి బయలు, జాతర బయలు, పీర్ల చావిడి ముందు జాగా, వీటి సర్వే నంబర్లేమిటి, రికార్డులో ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు? ఇప్పుడు నేలమీద కొలిస్తే ఎంత వస్తుంది? రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా ఎవరి గోడ లోపల ఉంది? జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించండి. తరువాత సర్వేయరును పిలిపించి నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతించండి. ఊళ్ళోని పెద్దవాళ్ళను ఆ రోజు వెంట తీసుకుపోండి. తేరు ఎక్కడ మలుపు తిరిగేదో, పశువుల్ని ఏ చెట్టు కింద కట్టేవాళ్ళో, ఏ వైపు నుంచి బండ్లు దిగేవో వాళ్ళకు తెలుసు. ఆ గుర్తులు కూడా పటంలో వేయించండి.